భూకంప సన్నద్ధత ప్యాకేజీ: పెట్టె మామూలే, బిగింపు పని మేలైనది, సంరక్షణాలయానికి మాత్రం సగమే

ఇంటిని భూకంపానికి ముందుగానే సిద్ధం చేసి పెడతామని చెప్పే ఒక సంస్థ నుంచి మేము 8 నెలల క్రితం కుటుంబ ప్యాకేజీ తీసుకున్నాము. అత్యవసర సామగ్రి ఉన్న పెట్టె, ఇంటికి వచ్చి బీరువాలనూ అలమరలనూ గోడకు బిగించే పని, కుటుంబ సభ్యులందరికీ ఒక పూట శిక్షణ, ఈ మూడింటినీ కలిపి ఒకే సేవగా అమ్ముతారు. ఇంచుమించు అదే సమయంలో మా అమ్మ ఉంటున్న సంరక్షణాలయం కూడా ఆ సంస్థ దగ్గరే పెద్ద ప్యాకేజీ తీసుకుంది. అక్కడ ఉండేవారి కుటుంబాల తరఫున ఏర్పడిన కమిటీలో నేనూ ఒకణ్ణి కావడంతో, సర్వే మొదలుకొని అర్ధరాత్రి జరిగిన మాక్ డ్రిల్ వరకు అన్నీ దగ్గరుండి చూశాను. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చూసిన లోపాలు ఇలాంటి సేవలు అమ్మేవారు ఎవరి దగ్గరైనా ఉండగలవు కనుక, పేరు కన్నా కొనేముందు ఏమేమి అడగాలో తెలియడమే చదివేవారికి ఎక్కువ ఉపయోగం.

ముందే చెప్పేస్తాను: ప్రకటనల్లో పెద్దపీట వేసిన పెట్టె ఈ సేవలో అన్నిటికన్నా బలహీనమైన భాగం, ప్రకటనల్లో ఒక్క వాక్యంతో సరిపెట్టిన బిగింపు పని అన్నిటికన్నా విలువైన భాగం.

పెట్టె మీద నలుగురికి 3 రోజులకు సరిపోతుందని రాసి ఉంది. అందులో నీళ్ల పొట్లాలు, ఐదేళ్లు నిల్వ ఉండే బిస్కెట్ కడ్డీలు, పిడి తిప్పితే పనిచేసే టార్చ్ రేడియో, వెండి రంగు పలుచని దుప్పట్లు, ప్రథమ చికిత్స సంచి, ఈలలు, దుమ్ము మాస్కులు, తోలు గ్లౌజులు, మరుగుదొడ్డి పనిచేయనప్పుడు వాడుకునే గట్టిపడే పొడి సంచులు ఉన్నాయి. జాబితా చూస్తే లోటేమీ కనబడదు. రాసిన మాట ఎంతవరకు నిజమో తేల్చుకోవాలని ఒక శుక్రవారం రాత్రి మెయిన్ స్విచ్ ఆపి, నీళ్ల వాల్వు కట్టేసి, అమ్మను కూడా ఇంటికి తీసుకువచ్చి, సోమవారం తెల్లవారే దాకా ఆ పెట్టెతోనే గడపాలని నిశ్చయించుకున్నాము. మా ఆవిడకు ఈ ఆలోచన మొదట నచ్చలేదు గానీ, ఆదివారం నాటికి పట్టుదలగా నోటు పుస్తకంలో లోపాలు రాసుకుంటున్నది ఆవిడే.

మొదటి లోపం నీళ్లు. తాగడానికీ, చేతులు కడుక్కోవడం వంటి కనీస అవసరాలకూ కలిపి మనిషికి రోజుకు సుమారు 4 లీటర్లు ఉంచుకోవాలన్నది విపత్తు నిర్వహణలో సాధారణంగా చెప్పే లెక్క. పెట్టెలోని పొట్లాలన్నీ కలిపితే మనిషికి రోజుకు లీటరు కూడా రాలేదు. అది కూడా పొట్లం తెరవగలిగినవారికే. అమ్మకు కీళ్లవాతం, వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. టార్చ్ వెలుగులో ఆ నీళ్ల పొట్లం మూల పట్టుకుని రెండుసార్లు లాగింది, మూడోసారి పళ్లతో కొరకబోయి కట్టుడు పళ్లు గుర్తొచ్చి ఆగిపోయింది, తర్వాత ఏమీ మాట్లాడకుండా దాన్ని నా వైపు జరిపింది. అన్ని వస్తువులున్న ఆ పెట్టెలో ఒక చిన్న కత్తెర లేదు. బిస్కెట్ కడ్డీలు ఆమె నమలగలిగేంత మెత్తగా లేవు. నీళ్లలో నానబెట్టాల్సి వచ్చింది, అసలే తక్కువగా ఉన్న నీళ్లు దానికి కొన్ని పోయాయి.

పిడి తిప్పే టార్చ్ మొదటి రాత్రి మా అమ్మాయికి ఆటవస్తువు, రెండో రాత్రి ఇంటిల్లిపాదికీ శిక్ష. ఒక నిమిషం తిప్పితే వెలుగు కొద్ది నిమిషాలే ఉంటుంది, పైగా తిప్పుతున్నంతసేపూ రెండు చేతులూ దానికే అంకితం. తలకు తగిలించుకునే టార్చ్ ఒక్కటుంటే అమ్మను బాత్రూముకు తీసుకువెళ్లేటప్పుడు నాకు రెండు చేతులూ ఖాళీగా ఉండేవి. రేడియో మాత్రం బాగా పనిచేసింది, దానికి వంక పెట్టను.

అసలు నేర్చుకున్నది మరుగుదొడ్డి సంచుల దగ్గర. పెట్టెలో 10 ఉన్నాయి. మనిషి రోజుకు సగటున 5 సార్లు మరుగుదొడ్డికి వెళతాడని లెక్కవేసి, 7 రోజులకు మనిషికి 35 సంచుల చొప్పున దాచుకోమని జపాన్‌లో చెబుతారు. ఆ లెక్కన నలుగురికి 3 రోజులకు 60 కావాలి. శనివారం మధ్యాహ్నానికే సంచులు అయిపోతున్నాయని మాకు తెలిసింది, అమ్మకు ఇంకా ముందే తెలిసినట్టుంది. సాయంత్రం ఆమె గ్లాసు పొద్దున పోసిన నీళ్లతో అలాగే ఉంది. ఎందుకు తాగలేదని అడిగితే, "మాటిమాటికీ మిమ్మల్ని లేపడం ఎందుకురా" అంది. జపాన్‌లో పెద్ద భూకంపాల తర్వాత పునరావాస కేంద్రాల్లో ఇదే జరిగింది: మరుగుదొడ్లు బాగుండక వృద్ధులు నీళ్లు తాగడం తగ్గించేస్తారు, ఒంట్లో నీరు తగ్గి, కదలకుండా కూర్చోవడంతో కాళ్లలో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదకు వస్తుంది. ఆ సంగతి నేను చాలాకాలం క్రితమే చదివాను. మా వంటింట్లో, మా అమ్మ విషయంలో, ఒకటిన్నర రోజులోనే అది మొదలవుతుందని మాత్రం అనుకోలేదు.

మందుల కోసం పెట్టెలో ఒక ఖాళీ సంచి ఇచ్చి, దానిమీద 'మీ మందులు' అని ముద్రించి ఊరుకున్నారు. ఏ మందు ఎన్నాళ్లు నిల్వ ఉంటుందో, ఎన్నాళ్లకు మార్చాలో ఒక్క ముక్క లేదు. తెరిచిన ఇన్సులిన్ సీసాల్లో చాలా రకాలు గది ఉష్ణోగ్రతలో సుమారు 28 రోజులు ఉంటాయని, తెరవనివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలని, అందువల్ల కరెంటు పోతే వెంటనే భయపడక్కర్లేదు గానీ పెట్టెలో పెట్టి మరిచిపోవడానికీ వీల్లేదని చెప్పే ఒక కాగితం అందులో ఉండాల్సింది. కళ్లజోడు, చెవి యంత్రపు బ్యాటరీలు, కట్టుడు పళ్ల డబ్బా వంటివి ఎలాగూ ఎవరికి వారు పెట్టుకోవలసినవే. కానీ అవి పెట్టుకోమని గుర్తుచేసే పని పెట్టె అమ్మేవారిదే.

ఇక బిగింపు పని. ఈ సేవలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది ఇదే. భూకంపాలు మనం బల్ల దగ్గర కూర్చున్నప్పుడే రావాలని లేదు. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారి భూకంపం తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు వచ్చింది, 1995 జనవరి 17న జపాన్‌లోని కోబె భూకంపం 5 గంటల 46 నిమిషాలకు, 2023 ఫిబ్రవరి 6న టర్కీ భూకంపం 4 గంటల 17 నిమిషాలకు. మూడూ మనుషులు మంచాల మీద ఉన్న వేళలే. కోబె ప్రాంతంలో 6,400 మందికి పైగా చనిపోగా, వారిలో అత్యధికులు కూలిన ఇళ్ల కింద, సామాన్ల కింద నలిగిపోయినవారు. సగం మందికి పైగా 60 ఏళ్లు దాటినవారు. ఇటీవలి భూకంపాల్లో అయిన గాయాల్లో 30 నుంచి 50 శాతం వరకు ఇంట్లోని సామాన్లు పడడం, దొర్లడం, జరగడం వల్లే అయ్యాయని టోక్యో అగ్నిమాపక శాఖ చెబుతోంది. అంటే ఆ మొదటి నిమిషంలో మనిషిని కాపాడేది మూలనున్న పెట్టె కాదు, మంచం పక్కనున్న బీరువాను గోడకు పట్టి ఉంచే నాలుగు స్క్రూలు.

పనికి వచ్చిన అమ్మాయికి పాతికేళ్లుంటాయి. డ్రిల్లింగ్ మిషన్ బయటకు తీయకముందే ఇల్లంతా ఒకసారి తిరిగి, ప్రతి గోడనూ వేలి కణుపులతో తట్టి, చెవి దగ్గరగా పెట్టి విన్నది. పుస్తకాల అలమర ఉన్న గోడ దగ్గర ఆగి, "ఇది బోలుగా మోగుతోంది సార్, ఇక్కడ ఎంత పెద్ద స్క్రూ వేసినా పట్టు ఉండదు" అని చెప్పి, అలమరను ఎదురుగా ఉన్న ఇటుక గోడకు మార్పించింది. ప్లాస్టరు దాటి ఇటుకలోకి దిగేంత పొడవైన స్క్రూ, దానికి సరిపడే ప్లగ్, అలమర పైభాగంలో రెండు చివర్లా ఎల్ ఆకారపు పట్టీలు, బిగించాక రెండు చేతులతో పట్టి ముందుకు లాగి పరీక్ష, ఇదీ వరస. బరువైన పుస్తకాలన్నీ కింది అరల్లోకి దించమని మాకు పని చెప్పింది. టీవీ కింద జిగురు మెత్తలు, వంటింటి అలమర తలుపులకు గొళ్లాలు, వేడినీళ్ల ట్యాంకుకు పైభాగంలో ఒకటి, కింది భాగంలో ఒకటి చొప్పున రెండు లోహపు పట్టీలు వేసింది. ఆ ట్యాంకు పడకుండా నిలబడితే, అందులోని నీళ్లే మనకు అత్యవసర నిల్వ అవుతాయని కూడా చెప్పింది. పెట్టెలోని నీళ్ల లెక్క చూశాక ఆ మాట విలువ మాకు బాగా తెలిసివచ్చింది.

మంచానికి తల వైపున్న పెద్ద పటాన్ని ఆమె తీయించింది, మా అమ్మాయి మంచాన్ని కిటికీ అద్దం పడే దూరం నుంచి జరిపించింది. ప్రతి మంచం కోడుకూ ఒక గుడ్డ సంచి కట్టి, అందులో గట్టి అడుగున్న చెప్పులు, చిన్న టార్చ్ పెట్టించింది. కట్టడం ఎందుకు, పక్కన పెడితే చాలదా అని అడిగాను. ఊగుతున్న నేల మీద వదిలేసినవి పెట్టిన చోట ఉండవని, చీకట్లో చెప్పుల కోసం పగిలిన గాజు మీద నడిచి పాదాలు కోసుకునేవారు చాలామంది ఉంటారని సమాధానం. సంస్థ వారు ఫోనులో మాకు గట్టిగా అంటగట్టాలని చూసిన, అలమరకూ పైకప్పుకూ మధ్య బిగించే కర్రలను ఆమె స్వయంగా వద్దంది. మాది ఫాల్స్ సీలింగ్. ఆ కర్రలు దానిని పొడుచుకుని పైకి పోతాయే తప్ప అలమరను ఆపవు. సొంత సంస్థ అమ్మకానికి అడ్డుపడైనా సరైన మాట చెప్పిన మనిషిని ఈ మధ్య కాలంలో నేను చూసింది అప్పుడే.

నాలుగు గంటల్లో 11 వస్తువులు బిగించింది. రెండింటిని బిగించలేదని, కారణం గోడ బలహీనతని నివేదికలో రాసి సంతకం పెట్టింది. ఆరు నెలల తర్వాత నేను లాగి చూస్తే ఒక పట్టీ వదులైంది. ఫోను చేసిన నాలుగో రోజున వచ్చి అదనంగా ఏమీ అడగకుండా మళ్లీ బిగించి వెళ్లారు.

అయితే ఒక పెద్ద ప్రశ్నను ఈ సేవ మొదటి నుంచి చివరి వరకు తాకనే లేదు. భవనమే నిలబడకపోతే గోడకు బిగించిన బీరువా ఏం చేస్తుంది? కింది అంతస్తును కార్ల కోసం ఖాళీగా వదిలి, గోడలు లేకుండా స్తంభాల మీదే పైఅంతస్తులు నిలిపిన అపార్టుమెంట్లు ఎంత ప్రమాదకరమో 2001 జనవరి 26న గుజరాత్‌లోని భుజ్ భూకంపం చూపించింది. భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అలాంటివి కూలిపోయాయి. భవనం ఏ రకం, ఎప్పుడు కట్టింది, కింది అంతస్తులో గోడలున్నాయా, తర్వాత ఎవరైనా గోడలు తీసేశారా, స్ట్రక్చరల్ ఇంజినీరు ఎప్పుడైనా చూశారా అన్నవి సర్వే కాగితంలో మొదటి వరుసలో ఉండాలి. అడిగితే, అది మా పరిధిలోకి రాదన్నారు. రాకపోవచ్చు, కానీ ముందు ఇంజినీరుకు చూపించుకోండి అని ఒక్క వాక్యం రాయడం పరిధిలోకి వస్తుంది.

కుటుంబ శిక్షణ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, బాగుంది. వంగి కూర్చోవడం, బల్ల కింద తల దాచుకోవడం, బల్ల కాలు పట్టుకుని ఉండడం, ఈ మూడింటినీ అరడజను సార్లు చేయించారు. గుమ్మంలో నిలబడితే క్షేమమన్న పాత నమ్మకాన్ని, ఊగుతుండగానే మెట్ల వైపు పరుగెత్తే అలవాటును కారణాలతో ఖండించారు. హెచ్చరిక సందేశాల గురించి శిక్షకుడు బోర్డు మీద వేసిన లెక్క నాకు నచ్చింది. ముందుగా వచ్చే పీ తరంగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, విధ్వంసం చేసే ఎస్ తరంగం సుమారు మూడున్నర కిలోమీటర్లు ప్రయాణిస్తాయనుకుంటే, 70 కిలోమీటర్ల దూరంలో ఉన్నవారికి రెండింటికీ మధ్య దక్కే వ్యవధి 8 సెకన్లు. యంత్రాలు గుర్తించి సందేశం పంపే సమయం అందులోంచే పోవాలి. మా అమ్మాయి మంచం మీద నుంచి బల్ల కిందకు 5 సెకన్లలో చేరింది. వాసన వస్తేనే గ్యాస్ కట్టాలని, ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు మాత్రం కరెంటు మెయిన్ తప్పకుండా ఆపాలని చెప్పి, కోబెలో కరెంటు తిరిగి ఇచ్చినప్పుడు ఖాళీ ఇళ్లలో మంటలు లేచిన సంగతి చెప్పారు. అంతా సబబుగానే ఉంది. కానీ ఆ 8 సెకన్లలో మా అమ్మ కుర్చీలోంచి లేవడం కూడా పూర్తికాదు, ఆ మాటకు ఆయన దగ్గర జవాబు లేదు. సంరక్షణాలయంలో సంస్థ తడబడింది సరిగ్గా అక్కడే.

అక్కడ 38 మంది వృద్ధులు మూడు అంతస్తుల్లో ఉంటారు. 9 మంది చక్రాల కుర్చీల్లో తిరుగుతారు, 6 మంది మంచం దిగలేరు, ఇద్దరు గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కాన్సన్‌ట్రేటర్ యంత్రం మీద ఉన్నారు. శిక్షణ రోజున హాల్లో అందరినీ కూర్చోబెట్టి, మా ఇంట్లో చూపించిన అవే బొమ్మలు తెర మీద వేసి, మోకాళ్ల మీదకు దిగండి అన్నాడు శిక్షకుడు. ముందు వరసలో ఉన్న ఒక పెద్దావిడ, "దిగుతాను నాయనా, మళ్లీ లేపడానికి నువ్వుంటావా మరి" అని అడిగేసరికి హాలంతా నవ్వింది. అతనూ నవ్వాడు గానీ తర్వాత చూపించడానికి అతని దగ్గర వేరే బొమ్మ లేదు. చక్రాల కుర్చీలో ఉన్నవారు బ్రేకులు వేసి, ముందుకు వంగి, చేతులతోనో దిండుతోనో తలనూ మెడనూ కప్పుకోవాలి. మంచం మీద ఉన్నవారు మంచం మీదే ఉండి దిండుతో తల కప్పుకోవాలి. ఇవి రహస్యాలేమీ కావు. 2008లో దక్షిణ కాలిఫోర్నియాలో మొదలై తర్వాత అనేక దేశాలకు పాకిన షేక్‌అవుట్ డ్రిల్స్ సామగ్రిలో వీటికి విడిగా బొమ్మలే ఉన్నాయి. వృద్ధుల సంరక్షణాలయానికి ప్యాకేజీ అమ్ముతూ ఆ రెండు బొమ్మలు లేకుండా రావడాన్ని నేను చిన్న పొరపాటుగా తీసుకోలేను. చివరికి వాటిని చేసి చూపించింది అక్కడి నర్సే.

సంస్థ రాసిచ్చిన ప్రణాళికలో, ప్రకంపనలు ఆగిన వెంటనే అందరినీ ఎదుటి మైదానంలోకి తరలించాలని ఉంది. దానికి సర్వేలో పట్టుకున్న సిబ్బంది సంఖ్య 11. అది పగటి సంఖ్య. రాత్రి ఉండేది ముగ్గురు. కమిటీ పట్టుబట్టడంతో డ్రిల్ రాత్రి 2 గంటలకు పెట్టారు. వృద్ధులను నిద్రలేపి ఇబ్బంది పెట్టకుండా కుటుంబ సభ్యులం కొందరం వారి బదులు ఖాళీ గదుల్లో పడుకున్నాము. నా వంతుకు రెండో అంతస్తులో మంచం దిగలేని మనిషి పాత్ర వచ్చింది. ఇద్దరు ఆయాలు నన్ను పట్టీలున్న తరలింపు పరుపులో చుట్టి, కింద ఒకరు, పైన ఒకరు పట్టుకుని మెట్ల మీద జార్చారు. పరుపు మందమే అయినా ప్రతి మెట్టూ నా తల వెనుక విడివిడిగా తెలిసింది. మలుపు దగ్గర పరుపు ఇరుక్కుని, పైనున్న ఆయా ఊపిరి నా ముఖానికి తగిలేంత దగ్గరకు వంగి, "కదలకండి సార్, మీరు కదిలితే నేను జారతాను" అంది. మైదానం చేరడానికి 6 నిమిషాలు పట్టింది. నడవలేనివారు 15 మంది. అందరూ పైఅంతస్తుల్లోనే ఉన్నారని కాదు గానీ, ఇదే వేగంతో లెక్కవేస్తే 90 నిమిషాలు; అంతసేపూ ఆ ఇద్దరూ అలసిపోకుండా ఉండాలి, వెనుక ప్రకంపనలు రాకుండా ఉండాలి, మిగిలిన ఒక్క మనిషీ 23 మందిని చూసుకోవాలి.

అసలు అందరినీ బయటకు తరలించడమే మొదటి ఆలోచన ఎందుకు కావాలి? 2011లో ఫుకుషిమాలో అణు ప్రమాదం తర్వాత ఒక ఆసుపత్రి నుంచి, దాని అనుబంధ వృద్ధాశ్రమం నుంచి మంచం పట్టినవారిని హడావుడిగా గంటల తరబడి బస్సుల్లో తిప్పిన క్రమంలో పదుల సంఖ్యలో చనిపోయారు. మంటలు, గ్యాస్ వాసన, స్తంభాల్లో పెద్ద పగుళ్లు, ఒరిగిన భవనం, సముద్రతీరమైతే సునామీ భయం, వీటిలో ఏదీ లేకపోతే ఉన్నచోటే ఉంచి చూసుకోవడం మేలు. ఆ నిర్ణయం రాత్రి 2 గంటలకు ఎవరు తీసుకోవాలి, ఏయే గుర్తులు చూసి తీసుకోవాలి అన్నదే ప్రణాళికకు గుండెకాయ. సంస్థ ఇచ్చిన 40 పేజీల్లో దానికి ఒక పేరా కూడా లేదు.

సామగ్రి విషయంలో అన్యాయం ఇంకా స్పష్టంగా కనిపించింది. మా ఇంటికిచ్చిన రకం పెట్టెలనే తెచ్చి సామాన్ల గదిలో తలెత్తు దాటేలా పేర్చి పోయారు. ఆ దొంతరను దేనికీ కట్టలేదు, భూకంపం వస్తే ముందు పడేది అదే. మింగడం కష్టమైనవారికి నీళ్లలో కలిపి చిక్కబరిచే పొడి లేదు, డైపర్లు లేవు. మంచం దిగలేనివారి గాలి పరుపులు కరెంటుతో నడుస్తాయని, కరెంటు పోతే అవి చదునై పుండ్లు మొదలవుతాయని వారికి తట్టలేదు. నీళ్ల సంగతి చూడండి: విపత్తు సాయంలో ప్రమాణంగా చెప్పే స్ఫియర్ లెక్క ప్రకారం అన్ని అవసరాలకూ కలిపి మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు కావాలి. 38 మందికీ సుమారు 10 మంది సిబ్బందికీ కలిపి రోజుకు 720 లీటర్లు, 3 రోజులకు 2,160. మేడ మీద పెద్ద ట్యాంకు ఉంది కదా అన్నారు; గొట్టం పగిలితే ఆ నీళ్లన్నీ గోడల వెంట కారిపోతాయి, అందుకని ఊపుకు దానంతటదే మూసుకునే వాల్వు కావాలి. 2024 జనవరి 1న జపాన్‌లోని నోతో ద్వీపకల్పంలో వచ్చిన భూకంపం తర్వాత కొన్ని చోట్ల నెలల తరబడి కుళాయి నీళ్లు లేవు, అక్కడి జనాభాలో దాదాపు సగం మంది వృద్ధులే.

2016 ఏప్రిల్‌లో జపాన్‌లోని కుమామొతో భూకంపంలో నేరుగా చనిపోయినవారు 50 మంది. ఆ తర్వాత కార్లలో నిద్రలు, చలి, అలసట, ఆగిపోయిన చికిత్సల వల్ల చనిపోయినవారు 200 మందికి పైగా, ఎక్కువగా వృద్ధులు. ఈ అంకెలు చూశాకే నాకు ఈ పెట్టెతో వచ్చిన చిక్కు పూర్తిగా అర్థమైంది. మొదటి నిమిషంలో దాని అవసరమే రాదు, మూడో వారానికి అది ఎప్పుడో ఖాళీ అయిపోతుంది. వృద్ధులు ఎక్కువగా చనిపోయేది ఆ రెండు వేళల్లోనే. జపాన్‌లో 2024 ఏప్రిల్ నుంచి వృద్ధుల సంరక్షణ సంస్థలన్నీ విపత్తులోనూ సేవ ఆగకుండా నడిపే ప్రణాళికను తప్పనిసరిగా రాసి ఉంచుకోవాలి. సిబ్బంది ఇళ్లు కూడా కూలి ఉండవచ్చు, వారి పిల్లలూ భయంలో ఉంటారు, ఎవరు ఎన్ని గంటల్లో రాగలరు అన్నది అందులో ఒక ముఖ్యమైన భాగం. ఈ ప్యాకేజీ ఆ జోలికే పోలేదు.

మంచి చెప్పకపోతే తప్పవుతుంది. ఇక్కడ కూడా బిగింపు బృందం పనే బాగుంది. వసారాలో నిలబెట్టి ఉన్న ఆక్సిజన్ సిలిండర్లను చూసిన గంటలోనే గొలుసులతో గోడకు కట్టారు, మందుల బండి చక్రాలకు తాళాలు వేశారు, భోజనశాలలో గాజు అలమర అద్దాలకు చెదరకుండా ఉంచే పొర అతికించారు. మతిమరుపు ఉన్నవారికి ఇచ్చిన చేతి పట్టీలు మన్నికైనవి. వాటిమీద పేరు మాత్రమే ఉంటే, మందులు, పడని మందులు, కుటుంబం ఫోను నంబరు కూడా రాయాలని నర్సు చెప్పగానే మార్చి పంపారు. గడువు ముగిసేముందు వస్తామన్న గుర్తుచేసే సందేశాలు బ్యాటరీల విషయంలో సరిగ్గా వచ్చాయి.

కమిటీ తరఫున 4 పేజీల ఉత్తరం రాశాము. మూడు వారాల తర్వాత జవాబు వచ్చింది. చక్రాల కుర్చీ, మంచం బొమ్మలు చేర్చారు, రాత్రి సిబ్బంది సంఖ్యతో ప్రణాళిక తిరగరాస్తామన్నారు, పెట్టెల బదులు చిక్కబరిచే పొడి, డైపర్లు, మరుగుదొడ్డి సంచులు ఇమ్మన్న కోరికకు మాత్రం అవి మా జాబితాలో లేవన్నారు. అవి సంరక్షణాలయమే విడిగా కొనుక్కుంది. కుటుంబాలవారు ఈ సేవ తీసుకోదలిస్తే బిగింపు పనిని విడిగా తీసుకోండి, అడిగితే ఇస్తారు. పెట్టెను మీ ఇంట్లో మనుషుల వయసును బట్టి మీరే సర్దుకోండి. సంరక్షణాలయాల నిర్వాహకులు సంతకం పెట్టేముందు రాత్రి 2 గంటలకు ఎంతమంది సిబ్బంది ఉంటారో వారికి చెప్పి, ఆ సంఖ్యతో ప్రణాళిక రాసి చూపించమని అడగండి. కుటుంబ ప్యాకేజీకి 5లో మూడున్నర, అందులో మూడు గోడలు తట్టి చూసిన ఆ అమ్మాయివి. సంరక్షణాలయ ప్యాకేజీకి ప్రస్తుతానికి 2.

రెండో డ్రిల్ వచ్చే నెలలో ఉంది. ఈసారి కూడా నాకు రెండో అంతస్తు మంచమే ఇచ్చారు, కానీ కొత్త ప్రణాళిక ప్రకారం నన్ను కదపరట. ఒక ఆయా టార్చ్‌తో వచ్చి గది స్తంభం, తలుపు, పైకప్పు చూసి, మంచానికి ఆకుపచ్చ రిబ్బను కట్టి పక్క గదికి వెళ్లిపోవాలి. అందుకు ఎన్ని నిమిషాలు పడుతుందో లెక్కవేయడానికి మా అమ్మాయి గడియారం పట్టుకుని వసారాలో నిలబడుతుంది.